వెచ్చబెట్టిన పాట

కూతురు పసిపిల్లగా ఉన్నప్పుడే దర్జీ ఆవిడ గొంతుకు ఆపరేషన్ అయింది. అప్పటినుంచి మిగిలింది గుసగుసే. అందుకే పాటల కంపెనీ నుంచి ఫోనొస్తే కూతురే మాట్లాడింది. పాత పాటలన్నీ ఇంటర్నెట్‌లో పెడుతున్నారట. అందులో తల్లి పాడినదీ ఒకటి దొరికిందట.

"కోరస్‌లో పాడేదాన్నన్నావు. ఒక్కదానివే పాడావని చెప్పలేదేంటమ్మా?"

"బయటికి రాని పాట గురించి ఏం చెప్పుకోనే?"

అప్పట్లో కంపెనీలో పాటలు ఎంచే పెద్దాయనకు ఆ గొంతు నచ్చి పాడించాడు. ఖర్చు పెట్టింది కంపెనీ కనుక రికార్డింగూ కంపెనీదే అయింది. ఆయన తర్వాత వచ్చినాయన, పేరు లేని గొంతును ఎవరు కొంటారని పక్కన పడేశాడు. విడుదల కాని టేపుల్ని చెరిపి, వాటిమీదే కొత్త పాటలు రికార్డు చేయడం అక్కడి పద్ధతి. తనదీ అలాగే పోయిందనుకుని ఆవిడ కుట్టుమిషన్ ముందు కూర్చుంది.

తల్లీకూతుళ్లు కంపెనీకి వెళ్తే, అప్పట్నుంచీ అక్కడ టేపులు చూసుకునే ఆయనే తలుపు తీశాడు. అప్పటి సన్నటి మనిషి ఇప్పుడు చొక్కాలో పట్టడం లేదు.

"కూర్చో అక్కా. నీ పాట ఇంకా పొయ్యిలోనే ఉంది."

"పొయ్యిలోనా?" అంది కూతురు.

"పాత టేపులు జిగటగా అయిపోతాయమ్మా. అలాగే తిప్పితే పూత ఊడి, పాట కాస్తా పోతుంది. సన్నటి వేడిమీద ఆరబెట్టాలి. అప్పుడు కూడా ఒక్కసారి తిరుగుతుందనే నమ్మకం. ఆ ఒక్కసారిలోనే కంప్యూటర్‌లోకి ఎక్కించుకోవాలి."

"మాడ్చరు కదా?"

"వంటయితే మాడుస్తాను. మా ఆవిణ్ణి అడుగు."

పొయ్యిలోంచి తీసి చల్లార్చాక టేపు తిరగడం మొదలైంది. దర్జీ ఆవిడ కళ్లు చక్రం మీదే ఉన్నాయి. ముందు గరగర. తర్వాత వీణ. ఆపైన గొంతు, ఎక్కడా బెదురు లేకుండా.

కూతురు తల్లి ముఖంలోకి చూసింది, ఆ పెదవులు కదలడం లేదని నమ్మలేనట్టు. పాట అయిపోయాక టేపులో చిన్న నవ్వు వినిపించింది. ఆ నవ్వు కూతురిదే అనుకోవచ్చు.

"దీన్నెందుకు చెరపలేదు?" అంది దర్జీ ఆవిడ.

ఆయనకు వినపడలేదు. కూతురు అదే మాట గట్టిగా అడిగింది.

"చెరపమన్నప్పుడల్లా వేరే టేపు ఇచ్చేవాణ్ణి. ఇది అరలో వెనక్కి పోతూ ఉండేది. అంతే."

ఆవిడ లేచింది. సంచిలోంచి కొలత టేపు తీసి, ఆయన వెనక్కి వెళ్లి భుజాల మీద పరిచింది.

"ఇప్పుడెందుకక్కా ఇదంతా?"

"కదలకండి మామయ్యా," అంది కూతురు. "కొలత తప్పుతుంది."