బాబాయి తిట్లు, అల్లుడి అలక

ఎంత తిట్టినా చలనం లేనివాణ్ణి చూసి, దున్నపోతు మీద వాన కురిసినట్టే అంటారు కదా. ఆ మాట పుట్టించినవాడెవడో జన్మలో దున్నపోతుని తిట్టి ఉండడు. మా బాబాయి తిట్టాడు. ఒకటీ రెండూ కాదు, ఇరవై ఆరేళ్ళు తిట్టాడు. అది కూడా జీతం తీసుకుని.

ఆయన పని చేసేది దున్నల వీర్యం సేకరించే కేంద్రంలో. నేనూ అక్కడే, వీర్యం నింపే సన్నటి స్ట్రాల మీద నంబర్లు వేస్తుంటాను. నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వేసుకోండి, తర్వాత టైముండదు. ఒక్క మంచి దున్న ఒక్క ఉదయం ఇచ్చింది నీళ్ళపాలలాంటి మందులో కలిపి, స్ట్రాలకెత్తి, పొగలు కక్కే చలిలో గడ్డకట్టిస్తే, ఎక్కడెక్కడి కొట్టాల్లోనో వందల గేదెలు చూడికడతాయి. ఆ గేదెలు దీని మొహం కూడా చూడవు. దీని మొహం చూస్తే చూడి కట్టవేమో అని నా అనుమానం.

ఆ మంచి దున్న పేరు కాగితాల మీద ఓ పొడుగాటి నంబరు. మేం పిలిచేది అల్లుడని. ఎందుకంటే వాడికి అలకెక్కువ. మేత ఐదు నిమిషాలు లేటైతే అలక. పక్క గదిలో దున్నకి ముందు నీళ్ళు పోస్తే అలక. అలిగాడంటే గోడవైపు తిరిగి నిలబడతాడు. తొమ్మిది వందల కేజీల అలక అది, ఇటు తిప్పడం మనవల్ల కాదు.

మంగళవారం, శుక్రవారం పొద్దున్నే పని. ఇనుప చట్రంలో ఇంకో మగదున్నని కట్టేసి ఉంచుతారు. బాబాయి అల్లుణ్ణి ముక్కుతాడు పట్టి దాని వెనక్కి తెస్తాడు. వీడు దాని మీదకెక్కిన క్షణంలో, పక్కనే వీర్యం పట్టడానికి వేడినీళ్ళు నింపిన గొట్టం పట్టుకుని కూర్చున్న సేకరణాయన తన పని కానిస్తాడు. చెప్పడానికి ఇంతే. ఎక్కడమే కష్టం. ఒక దున్న రెండుసార్లు ఉత్తుత్తిగా ఎక్కితే గానీ ఇవ్వదు. ఇంకోదాన్ని కాసేపు నడిపించాలి. అల్లుడికేమో తిట్లు కావాలి.

"ఒరేయ్ నల్లబండా! తిండికి తిమ్మరాజువి, పనికి పోతరాజువి! పొద్దెక్కింది, దొరగారికింకా తెల్లారలేదా? నీ మొహం మండ, నీ అమ్మ ఆ రోజు కాస్త కునుకు తీసుంటే నాకీ పీడ తప్పేది కదరా!" ఇలా మొదలెట్టి ఒకే రాగంలో, ఒకే వరసలో పది నిమిషాలు. ఆ తర్వాత దాని చెవి దగ్గర వంగి ఏదో చూసేవాడు. పిడుదులు ఏరుతున్నాడనుకునేవాళ్ళం. అంతే, అల్లుడు లేచేవాడు.

అరిచీ అరిచీ బాబాయి గొంతులో చిన్న కాయ లేచింది. ఆపరేషన్ చేసి తీసేశారు. "నెల రోజులు మాట్లాడకూడదు. గుసగుస కూడా వద్దు," అన్నాడు డాక్టరు. పిన్ని పలకా బలపం కొనిచ్చింది. ఆ వయసులో పలక పట్టుకుని డ్యూటీకొచ్చిన మనిషిని చూసి నేను ఊరుకుంటానా? "ఒకటో క్లాసు అటువైపు," అన్నాను. పలక మీద రాసి చూపించాడు. ఆ రాసింది ఇక్కడ రాయలేను.

మొదటి మంగళవారం అల్లుడు చట్రం దాకా వచ్చి నిలబడ్డాడు. బాబాయి మూగగా వీపు నిమిరాడు. వాడు చెవులు నిక్కబొడుచుకుని ఎదురుచూశాడు. ఏమీ వినపడలేదు. గోడవైపు తిరిగిపోయాడు.

బాబాయికి ఏమీ తోచక పలక మీద 'నల్లబండా' అని రాసి వాడి మొహం ముందు పెట్టాడు. వాడు పలక నాకేశాడు.

శుక్రవారం నేను దిగాను. బాబాయి గొంతు అనుకరించి పిన్నిచేత రెండుసార్లు తలుపు తీయించిన ఘనుణ్ణి నేను. బాబాయి తువ్వాలు భుజాన వేసుకుని, అదే రాగంలో, ఒక్క తిట్టు వదలకుండా ముగించాను. సేకరణాయన చప్పట్లు కూడా కొట్టాడు. అల్లుడు నన్ను తలనించి కాలిదాకా చూసి, తీరిగ్గా నా బూటు మీద ఉచ్చ పోసి, మళ్ళీ గోడవైపు తిరిగాడు.

మా పశువుల డాక్టరమ్మ రిజిస్టరు మూసింది. కేంద్రానికి పెద్ద ఆవిడే. బాబాయంటే గౌరవమే, కానీ రూలు రూలే. "వరసగా మూడుసార్లు ఇవ్వకపోతే జాబితాలోంచి తీసేయాలి. మంగళవారం ఆఖరు. తర్వాత వేలమే, నా చేతుల్లో లేదు."

వేలానికెళ్ళిన దున్న మళ్ళీ ఎవరికీ కనపడదు. ఆ సంగతి బాబాయికి చెప్పక్కర్లేదు. ఆ సాయంత్రం డ్యూటీ అయిపోయినా కదల్లేదు. అల్లుడి కొమ్ములకి నూనె రాస్తూ కూర్చున్నాడు. ఇంటికి రమ్మంటే పలక మీద రాశాడు: 'రెండేళ్ళప్పుడు వచ్చాడు. నా చేతిమీద పెరిగాడు.' నేనూ చేతికి నూనె రాసుకుని రెండో కొమ్ము పట్టుకున్నాను.

సోమవారం పిన్ని నన్ను వంటగదిలో పట్టుకుంది. మా పిన్ని గొంతు పక్కింటికి కాదు కదా, పక్క గదికి కూడా వినపడదు.

"అన్నీ తిట్టావట్రా?"

"అన్నీ."

"కునుకు తీసుంటే అన్నది?"

"అన్నాను పిన్నీ."

"చివర్లో ఏమన్నావు?"

"చివరేముంది? అయిపోయింది."

పిన్ని నన్ను జాలిగా చూసింది, అచ్చం అల్లుడు చూసినట్టే. "రేపు నేనొస్తా."

మంగళవారం లోపలికొచ్చే ముందు మందునీళ్ళలో కాళ్ళు ముంచి, మోకాళ్ళ దాకా వచ్చే రబ్బరు బూట్లేసుకుని, పిన్ని పిల్లిలా నడుచుకుంటూ వచ్చింది. అల్లుడు గోడవైపే ఉన్నాడు. బాబాయి ముక్కుతాడు పట్టుకున్నాడు.

"ఒరేయ్ నల్లబండా," అంది పిన్ని, చంటిపిల్లని నిద్రలేపుతున్నట్టు.

సేకరణాయన నవ్వాపుకున్నాడు. పిన్ని గొంతు సవరించుకుంది. రెండో తిట్టుకి అందరికీ వినపడింది. మూడోదానికి పావురాలు లేచిపోయాయి. అదే రాగం, అదే వరస. ఇరవై ఆరేళ్ళు ఆ తిట్లలో సగం ఇంట్లో విన్న మనిషి! అల్లుడి చెవి ఒకటి ఇటు తిరిగింది. పిన్నికి ఊపొచ్చింది.

"దొరగారికింకా తెల్లారలేదా? చెప్పింది ఒక్కటైనా వింటావా? తడి తువ్వాలు తెచ్చి పరుపు మీద పడేస్తావా? ఎన్నిసార్లు చెప్పాలండీ మీకు!"

అందరం బాబాయి వైపు చూశాం. దున్నకి తువ్వాలెక్కడిది, పరుపెక్కడిది? బాబాయి బూట్లు చూసుకుంటున్నాడు. డాక్టరమ్మ రిజిస్టరు మొహానికి అడ్డం పెట్టుకుంది.

పిన్ని ఆగింది. ఊపిరి తీసుకుంది. తిన్నగా అల్లుడి తల దగ్గరికెళ్ళి, అంత లావు కొమ్ము పక్కన అంత చిన్న మొహం పెట్టి, చెవిలో అంది.

"అలిగావా?"

ఆ ఒక్క మాటే. పిడుదులు కావన్నమాట ఇన్నేళ్ళూ!

అల్లుడు బుస్సుమని ఊపిరి వదిలాడు. తొమ్మిది వందల కేజీలూ మెల్లగా ఇటు తిరిగాయి. రెండడుగులు వేసి లేచాడు. సేకరణాయన గొట్టం ఎత్తేలోపే దాదాపు అయిపోయింది, పాపం ఆయనకి నవ్వడానికి కూడా టైం దొరకలేదు.

డాక్టరమ్మ చుక్క తీసి సూక్ష్మదర్శిని కింద పెట్టి చూసి, పక్కకి జరిగి పిన్నిని పిలిచింది. "మీరు చూడండి."

పిన్ని ఒక కన్ను మూసుకుని చాలాసేపు చూసింది. "అమ్మో, మబ్బులు కమ్ముకొస్తున్నట్టు సుడులు తిరుగుతోంది!"

"అలా తిరిగితేనే మంచిది," అంది డాక్టరమ్మ. రిజిస్టరులో ఎర్రగీతకోసం తీసిన పెన్ను మూసి జేబులో పెట్టుకుంది. ఆ రోజు నేను నంబరేసిన స్ట్రాలు నాలుగు వందల పదహారు. ఒక్కటి కూడా తప్పెయ్యలేదు.

బయట బల్ల మీద ఇద్దరూ కూర్చున్నారు. బూట్లు విప్పుకుంటున్న పిన్నికి బాబాయి పలక చూపించాడు: 'అవన్నీ నా తిట్లేనా?'

"కొన్ని నావి," అంది పిన్ని.

బాబాయి పలక తుడిచి ఇంకోటి రాశాడు. ఈసారి చెయ్యి అడ్డం పెట్టుకుని, ఆవిడకి మాత్రమే కనపడేలా పట్టుకున్నాడు. నేను ఊరుకునే రకమా, వెనకనించి తొంగిచూశాను. 'అలిగావా?' అని ఉంది.

పిన్ని పలక లాక్కుని అరచేత్తో చెరిపేసింది.

"గొంతొచ్చాక అడగండి," అంది. "అప్పటిదాకా అలిగే ఉంటా."