చేపల దొంగ కోసం మా నాయనమ్మ వేసిన చీట్లు

మా చిన్నప్పుడు... గుడివాడలో మా ముందుగదిలో బల్ల మీద ఒక గాజుపెట్టె ఉండేది. ఇనప చట్రంలో అద్దాలు బిగించి, సందుల్లో పుట్టీ మెత్తి, బందరులో సాయిబు గారొకాయన చేసిచ్చారు. అందులో రంగురంగుల చేపలు...

కృష్ణా జిల్లాలో చేపను తినకుండా చూస్తూ కూర్చునే ఇల్లా? వీధి వీధంతా అనుమానమే.

"వండుకోవడానికి కాదా? మరి దేనికండీ?" అని పక్కింటావిడ వచ్చినప్పుడల్లా అడిగేది. ఎన్నిసార్లు చెప్పినా నమ్మేది కాదు.

నాన్న రైల్వే పార్సిలాఫీసులో గుమాస్తా. ఎవరో మిల్లు ఆసామి ఇంటికి మద్రాసు నుంచి ప్లాస్టిక్ సంచుల్లో చేపలు దిగడం చూశాడు... అంతే, పిచ్చి పట్టింది. బెజవాడ వెళ్లి కొనేవాడు. కొట్టువాణ్ణి చచ్చినా నమ్మేవాడు కాదు. తొట్టి ముందు వంగి, రెక్కలు విప్పుకుని ఈదుతోందా, మూల నక్కిందా, ఒంటి మీద ఉప్పు చల్లినట్టు తెల్ల చుక్కలున్నాయా... అన్నీ చూసి, "అది కాదయ్యా, దాని పక్కది పట్టు" అనేవాడు. గప్పీలు, నల్ల మోలీలు, తోక కత్తిలా సాగిన ఎర్ర చేపలు... కుళాయి నీళ్లు గంగాళంలో పోసి, మందు వాసన పోయాకే పెట్టెలోకి తోడేవాడు.

ఇది చూసి నాయనమ్మకు పౌరుషం వచ్చింది. ముదినేపల్లిలో తమ్ముడింటికి వెళ్లి వస్తూ, చెరువు గట్టున గుంపుగా తిరుగుతున్న ఎర్రటి చేపపిల్లల్ని మరచెంబులో పట్టుకొచ్చింది. నిప్పు కణికల్లా ఉన్నాయి.

"నీ మద్రాసు సరుకుకి ఇవేం తీసిపోయాయిరా ప్రసాదూ?"

కొట్టువాడి చేపను అంత అనుమానంగా చూసే మా నాన్న, తల్లి తెచ్చిన చేపను తిప్పి చూడలేదు. మురిసిపోయి పెట్టెలో వదిలాడు.

అప్పటికి ఉప్పెన వచ్చి ఏడాది కాలేదు. దివిసీమలో ఇల్లూ వాకిలీ, కట్టుకున్నవాడూ అందరూ పోయి రత్నమత్త మా ఇంటికొచ్చింది. నాయనమ్మ చెల్లెలి కూతురు. వెనక వరండాలో చాపేసుకుని పడుకునేది. అడుగుల చప్పుడే వినపడేది కాదు. అదే ఆమె నేరమైంది.

కొన్నాళ్లకు చేపలు తగ్గడం మొదలైంది. ముందు గప్పీలు... తర్వాత మోలీలు. చచ్చి తేలితే ఒళ్లైనా కనపడాలి గదా! ముల్లు కూడా మిగలడం లేదు. నాన్న పెట్టె మీద జల్లెడ బోర్లించి, దాని మీద రాయి పెట్టాడు. అయినా తగ్గడం ఆగలేదు, పిల్లి పని కాదని తేలింది. ఇక మిగిలింది మనుషులే! అమ్మ పక్కింటావిడను అనుమానించింది. పక్కింటావిడ నన్ను అనుమానించింది. నాయనమ్మ మాత్రం వెనక వరండా వైపే చూసేది.

"పిల్లిలా నడుస్తుందిరా అది. ఆకలి చూసిన మనిషి."

రత్నమత్త విననే విన్నది. "అవి కూరకేం వస్తాయి పెద్దమ్మా? నంజుకోడానికీ చాలవు" అని నవ్వింది. ఆ నవ్వూ అనుమానమే అయింది.

ఒక సాయంత్రం ప్రార్థన ముగిశాక నాయనమ్మ అందర్నీ కూర్చోబెట్టింది. పాళెంలో దొంగసొత్తు దాచినవాడు ఉన్నంతకాలం ఆ జనానికి జయం లేదని బైబిల్లో వాక్యం. అక్కడా చీట్లేసే దొంగను పట్టారు, కాబట్టి మా ఇంట్లోనూ చీట్లు. నాన్న ఇంట్లోవాళ్ల పేర్లన్నీ, పక్కింటావిడ పేరుతో సహా, కాగితం ముక్కల మీద రాసి మడిచి చెంబులో వేశాడు. అమ్మ కళ్లు మూసుకుని తీసింది.

రత్నం.

"ఇంకోసారి తీసి చూడు వదినా" అంది అత్త మెల్లగా.

"దేవుణ్ణి రెండుసార్లు అడగమంటావా?" అని గద్దించింది నాయనమ్మ. "రేపు బస్సెక్కించెయ్ ప్రసాదూ."

"ఎక్కడికమ్మా? అక్కడ దానికి ఇల్లు లేదుగా!"

"అందరూ పాకలేసుకోలా?"

మర్నాడు పొద్దున్నే రత్నమత్త మూట కట్టుకుని ముందుగది గుమ్మంలో నిలబడింది. నాయనమ్మ అటు చూడలేక గాజుపెట్టె వైపు తిరిగి నిలుచుంది. చూస్తూ చూస్తూ... "ఒరేయ్ ప్రసాదూ!" అని కేకేసింది.

మిగిలిన ఆఖరి ఎర్ర చేప కత్తితోక, ఇంకో చేప నోట్లోంచి బయటకు ఊగుతోంది. ఆ మింగేది నాయనమ్మ తెచ్చిన పిల్లే! ఎరుపు ఎప్పుడో పోయింది. నీళ్లు పడక రంగు తగ్గిందనుకుని నాన్న దానికి వానపాములు కూడా మేపాడు. ఇప్పుడు నల్లబడి, పాము తల వచ్చి, పైకొచ్చి గాలి గుటక వేసి వెళ్తోంది. దాని తోబుట్టువుల్నీ అదే మింగినట్టుంది.

"కొర్రమీను గదరా ఇది..." అంది నాయనమ్మ.

బాలింతకు పెట్టే కొర్రమీను, జ్వరం తగ్గినవాడికి పెట్టే కొర్రమీను... కూర రుచి తెలియని నోరు మా ఇంట్లో లేదు. దాని పిల్ల ఎర్రగా ఉంటుందని మాత్రం ఒక్కరికీ తెలియదు!

అత్త మూట దించకుండానే అడిగింది.

"చీట్లలో దీని పేరు రాయలేదేం పెద్దమ్మా?"

నాయనమ్మ మూట లాక్కుని లోపల పెట్టింది. ఆ రోజు అత్తకు తనే వడ్డించింది. క్షమించమన్న మాట మాత్రం ఆమె నోట రాలేదు.

రత్నమత్త ఉండిపోయింది. నా పెళ్లి దాకా మాతోనే ఉంది. కానీ మళ్లీ ముందుగదిలో కూర్చోలేదు. కుటుంబ ప్రార్థన కూడా తలుపు అవతలే నిలబడి వినేది.

నేను ఏ దైవశాస్త్రమూ చదవలేదు. వాక్యం ప్రకటిస్తూ ఊరూరా తిరిగి నేర్చుకున్నదే. గొర్రె తోలు కప్పుకొచ్చే తోడేళ్ల గురించి చెప్పేటప్పుడు నా కళ్లకు తోడేలు కనపడదు... మరచెంబులో మురిపెంగా వచ్చిన ఎర్ర చేపపిల్ల కనపడుతుంది. ప్రియులారా, పరాయివాళ్లు తెచ్చినదాన్ని సరే, మీవాళ్లు తెచ్చినదాన్ని ఎప్పుడైనా తిప్పి చూశారా?

ఇప్పుడు ఆసుపత్రి వరండాల్లో, బట్టల కొట్లలో ఎక్కడ చూసినా గాజుతొట్లే... ఎవరూ ఆగి చూడరు. ఇళ్లకు కెమెరాలు వచ్చాయి, దొంగలు దొరుకుతున్నారు. తలుపు అవతల నిలబడినవాళ్లు మాత్రం ఏ కెమెరాకూ అందడం లేదు...

మీ ఇంట్లో ఏదైనా పోతే మొదట ఎవరి మొహం వైపు చూసేవారు? పరిశుద్ధుల్లా రాయకండి... నిజం రాయండి.