గడప ఎండలో నీలం

మా నాయన ట్యూబులైటును నమ్మడు. మగ్గానికి నూలు రంగు జత చూడాలంటే, మబ్బు పట్టినా సరే, ఎండ వచ్చేదాకా ఆగి గడప దగ్గరికి తెచ్చి చూస్తాడు. కడప జిల్లాలో ఎండకేం కొదువ? కానీ ఆ ఆగడమే నాకు చేతకాదు. ఒకచోట కాలు నిలవని మనిషిని. పొయ్యి మీద పాలు పొంగేదాకా కూడా నిలబడలేను.

నిరుడు నాకోసం ఒక నూలు చీర నేస్తున్నాడు. కొంగులో రెండు ముదురు నీలం చారలు రావాలి. మొదటి చార అయ్యేసరికి ఆ నూలు అయిపోయింది. బుట్టలో వెతికి ఇంకో నూలు కండె తీసి, గడపలో ఎండకు పెట్టి చూసి, అచ్చం అదేనన్నాడు. నన్నూ పిలిచి చూడమన్నాడు. చూశాను. అది నలుపు. కాటుకంత నలుపు.

"ఒకటే నాయనా," అన్నాను.

ఎందుకన్నానంటే, మా వీధిలో ఎవరికి రంగు అనుమానమొచ్చినా మా గడపకే వచ్చేవాళ్లు. అలాంటి మనిషికి నలుపూ నీలమూ తేడా తెలియలేదని నా నోటితో చెబితే, మగ్గం గుంతలోంచి లేచిపోతాడు, మళ్లీ దిగడు అనుకున్నాను. జాలి అని పేరు పెట్టుకున్నాను గానీ, అది పిరికితనం. చీర పూర్తయింది. ట్రంకు పెట్టె అడుగున పడేసి, కట్టుకోమన్నప్పుడల్లా ఏదో సాకు చెప్పాను.

ఆ తర్వాత కర్నూలు ఆసుపత్రిలో చూపిస్తే శుక్లాలన్నారు. వయసుతో కంటిలోని కటకం పసుపు బారుతుందనీ, ఆ పసుపు నీలం వెలుగును మింగేస్తుందనీ, అందుకే ముదురు నీలం నలుపులాగే కనబడుతుందనీ డాక్టరమ్మ చెప్పింది. నాకు చీరే గుర్తొచ్చింది. కన్ను బాగైతే చీర చూస్తాడు, నా అబద్ధం బయటపడుతుంది. ముందు కుడి కంటికి ఆపరేషన్ చేశారు. ఎడమదానికి ఇంకొన్నాళ్లు ఆగమన్నారు.

ఇంటికొచ్చింది మొదలు నాకు కుదురు లేదు. ఆసుపత్రిలో ఇచ్చిన నల్లద్దాలు కాస్త పైకెత్తి, ఆకాశం ఇంత నీలమా అని ఆయన మురిసిపోతుంటే, నేను వాకిట్లోకీ ఇంట్లోకీ తిరుగుతూనే ఉన్నాను. చీరను పక్కింట్లో దాచిపెడదామా అని కూడా అనుకున్నాను. ఛీ, ఏం బతుకు! పదో రోజు నల్లద్దాలు తీసేసి, చీర తెమ్మన్నాడు.

గడపలో కూర్చుని కొంగు పరిచాడు. కుడి కన్ను మూసి చూశాడు. ఎడమది మూసి చూశాడు. మళ్లీ కుడిది, మళ్లీ ఎడమది. నేను నిలబడలేక చెంబు తీసుకుని, కడిగిందే కడుగుతున్నాను.

"పాత కంటికి రెండూ ఒకటే పాపా. కొత్త కంటికి ఒకటి నల్లగుండాది," అన్నాడు.

గొంతులో కోపం లేదు. కోప్పడినా బాగుండేది, నేనూ నాలుగు మాటలని ఏడ్చేదాన్ని. చెంబు కింద పెట్టి, ఆ రోజే నాకు తెలుసునని చెప్పేశాను.

ఆయన చీర మడిచి నా చేతిలో పెట్టాడు.

"నా కన్ను మోసం జేసిందంటే దానికి ముసలితనమొచ్చె. నీ కన్ను బాగుండె గదా. దాన్ని నమ్మే నేసినా."

మర్నాడు కొత్త కండె పట్టుకుని గడపలోకి వచ్చాడు. ఎడమ కంటికి ఇంకా పాత చూపే, రెండు కళ్లూ రెండు రంగులు చెబుతున్నాయి; ఇంకొకరు చూసి చెప్పాలి. నేను లేచి చేతులు తుడుచుకున్నాను. ఆయన పక్కింటి కోడలిని పిలిచాడు.