మిరప కల్లంలో తీసిన ఏడుపు సీను

ఈ రోజు మధ్యాహ్నం మార్టూరు దగ్గర మా పెద్దమ్మ వాళ్ళ ఊరు వెళ్ళాను. పెద్దమ్మా నేనూ అన్నం తింటుంటే టీవీలో ఓ పెద్ద దర్శకుడి ఇంటర్వ్యూ వచ్చింది. పేరు చెప్పను గానీ, ఇప్పుడాయన సినిమాకి టికెట్టు దొరకడమే గగనం. మొదటి సినిమా మాత్రం చేతిలో చిల్లిగవ్వ లేకుండా, పెద్దమ్మ వాళ్ళు మిరపకాయలు ఎండబోసుకునే కల్లంలో తీశాడు.

అందులో తన్నుకుంటున్న అన్నదమ్ములు ఉన్నట్టుండి కావలించుకుని ఏడుస్తారు. ఆ సీను గురించి యాంకర్ అడిగితే, ఆయన కాసేపు కళ్ళు మూసుకుని "రక్తసంబంధం లోతు చూపించాలనుకున్నానండీ" అన్నాడు.

పెద్దమ్మకి నవ్వాగలేదు.

"ఏం లోతురా! కొట్టుకోమంటే ఆ ఇద్దరూ పోయి కాయల మీద పడి దొర్లారు. కళ్ళు మండిపోయి, ఎటు పోవాలో కనపడక ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని ఏడ్చారు. మళ్ళీ తీయడానికి ఫిల్ము లేదని అదే ఉంచేశాడు. నేనే కుండెడు మజ్జిగ తెచ్చి మొహాలు కడిగా."

టీవీలో ఆయన వైపు వేలు చూపిస్తూ మెల్లగా అంది: "కాయల్లో పడింది వాళ్ళు. అంత దూరాన కెమెరా వెనకాల నిలబడ్డ ఈయన ఎందుకంతలా ఏడ్చాడో నాకిప్పటికీ తెలీదు."

ఇంటికొచ్చి ఆ సీను మళ్ళీ పెట్టుకుని చూశాను. అంతా మిరపకాయల పనేనని తెలిసి కూడా కళ్ళు తుడుచుకున్నాను. మీరూ ఆ బాపతే అయితే కింద ఒక మాట రాయండి, నాకు కాస్త సిగ్గు తగ్గుతుంది.