లాభం, రెండు, మూడు

మా మనవరాలికి లెక్కలు నేర్పే బాధ్యత నాకు అప్పగించారంటే, ఇంట్లో ఇంకెవరికీ తీరిక లేదని అర్థం. నేను బడి గడప తొక్కినదాన్ని కాను. మా నాన్నగారు ఇంటి అరుగు మీదే అక్షరాలు దిద్దించారు. అంకెలు మాత్రం కళ్లంలో ధాన్యం కొలిచేవాళ్ల నోటి వెంట విని నేర్చుకున్నాను. ఆ మాత్రమైనా దక్కినందుకు రోజూ దేవుడికి దండం పెట్టుకుంటాను. నా చదువెంతో స్కూలువాళ్లు అడగలేదు, మేమూ చెప్పలేదు.

మేముండేది నరసాపురంలో. వేసవి సెలవులకి ముందు యూకేజీ మిస్ మా కోడల్ని పిలిపించింది. పిల్ల పది దాటితే లెక్క తప్పుతోందట. పుస్తకం ఇస్తే అక్షరాలు వదిలేసి, బొమ్మలు చూసి సొంత కథ చెప్పేస్తోందట. సెలవులయ్యాక మళ్లీ పరీక్షిస్తామని, అప్పటికీ ఇంతే అయితే ఇంకో ఏడాది యూకేజీలోనే కూర్చోబెడతామని చెప్పింది. పక్కింటి పిల్ల, దీని ప్రాణస్నేహితురాలు, ఒకటో తరగతికి వెళ్లిపోతోంది. "నేనొక్కదాన్నే చిన్నపిల్లల్లో ఉండిపోతానా మామ్మా?" అని అడిగి, ఆ పూట కంచం ముందు నుంచి లేచిపోయింది.

కోడలికి భీమవరంలో ఉద్యోగం. రైలు దిగి ఇల్లు చేరేసరికి చీకటి పడుతుంది. అయినా పాపం ఊరుకోలేదు, ఫోన్‌లో లెక్కల యాప్ ఒకటి వేయించింది. అందులో కుందేలు ఒకటి ప్రశ్న వేస్తుంది, జవాబు సరైతే చప్పట్లు కొడుతుంది. వారం తిరక్కుండా మా పిల్ల ఏం కనిపెట్టిందంటే, వరసగా అన్నీ నొక్కుకుంటూ పోతే ఏదో ఒకదానికి కుందేలు చప్పట్లు కొట్టక తప్పదని. రోజూ చప్పట్లు వినబడుతుంటే చదువు సాగుతోందని అందరం సంతోషించాం.

చివరికి నాకు తెలిసిన దారి పట్టాను. పొద్దున్నే దీపం పెట్టాక, సోల చేతికిచ్చి బియ్యం కొలవమన్నాను. సాయంత్రం వేపిన శనగలు లెక్కపెట్టి తినమన్నాను. తప్పితే మళ్లీ మొదటికి. బియ్యం సగం నేల మీద పడేవి. అవి ఏరేటప్పుడు ఇంకో లెక్క. ఆ సెలవుల్లో మా ఇంటి పిచ్చుకలు బాగా ఒళ్లు చేశాయి.

పరీక్ష రోజు కోడలు సెలవు పెట్టింది. నేనూ వెంట వెళ్లాను. మిస్ బల్ల మీద గుప్పెడు బొత్తాలు పోసి లెక్కపెట్టమంది. పిల్ల బిగుసుకుపోయింది. తెలుగులోనైనా పర్వాలేదమ్మా అంది మిస్. అంతే, మా పిల్ల గొంతెత్తింది.

"లాభం, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు, ఆరున్నొక్కటి, ఎనిమిది..."

కోడలు నావైపు చూసిన చూపు ఇక్కడ రాయను. కొలత మొదలుపెట్టేటప్పుడు ఒకటి అనకుండా లాభం అనడం, ఏడు దగ్గర ఆరున్నొక్కటి అనడం మా కళ్లాల్లో ఆచారం. ఏడులో ఏడుపు వినబడకూడదని, శుభం కోసం అలా అంటారు. నేను పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ అలాగే కొలుస్తున్నాను. పిల్లకి అదే నేర్పుతున్నానన్న స్పృహ నాకు ఆ క్షణం దాకా లేదు. ఏడాది పొడవునా మా పిల్ల యూకేజీలో కూర్చోబోయేది నా భక్తి వల్లేనని తేలిపోయి, మనసులో పెనుగొండ అమ్మవారికి మొక్కుకున్నాను.

"లాభం ఏంటి తల్లీ?" అంది మిస్.

"మొదటిది. ఒకటి అంటే లక్ష్మీదేవికి కోపం వస్తుంది."

"మరి ఆరున్నొక్కటి?"

పిల్ల ఆరు బొత్తాలు ఒక పక్కకి తోసి, ఇంకోటి వాటి పక్కన పెట్టింది. ఎనిమిదంటే ఆరు, రెండు. పదంటే ఆరు, నాలుగు. పన్నెండంటే రెండు ఆర్లు. అడగకుండానే చెప్పుకుంటూ పోయింది. ఇది మాత్రం నేను నేర్పలేదు. నేను నేర్పింది ఒక అంకె పేరు తప్పించుకోవడం. దాన్నుంచి అంకెల్ని విడదీయడం పిల్లే సొంతంగా పట్టుకుంది.

మిస్ ముఖం విప్పారింది. వాళ్లకి మొన్న ట్రైనింగ్‌లో చెప్పింది ఇదేనట, అంకెని విరిచి చూపించడం.

"ఏ మెథడ్ అండి ఇది?" అని నన్ను అడిగింది.

"బియ్యం కొలిపించానండి," అన్నాను.

ఆవిడ కాగితం మీద 'యాక్టివిటీ బేస్డ్' అని రాసుకుంది. నా బియ్యం డబ్బాకి అంత పేరొస్తుందని నేను ఎన్నడూ అనుకోలేదు.

పుస్తకం దగ్గర మాత్రం పిల్ల పాత పాటే పాడింది. బొమ్మలో ఏనుగు కనిపించగానే కింద ఏముందో చూడకుండా దానికి పెళ్లి చేసేసింది. మిస్ పుస్తకం మూసి, లెక్కలు చూసి ఒకటో తరగతికి పంపిస్తానంది. కాకపోతే రోజూ ఇరవై నిమిషాలు పెద్దవాళ్లెవరైనా పక్కన కూర్చుని చదివించాలి, నోటుబుక్కులో సంతకం పెట్టాలి. కోడలు వెంటనే తలూపింది. సంతకం తనది, ఇరవై నిమిషాలు నావి అని బస్సెక్కేలోగానే తేలిపోయింది.

వాళ్లిచ్చినవి ఇంగ్లీషు పుస్తకాలు. నాకు ఒక్క ముక్క రాదు. మొదటిరోజే ఆ సంగతి పిల్లకి చెప్పేశాను. నాకు బొమ్మలు చాలవు, కింద రాసింది చదివి అర్థం చెప్పమన్నాను. అది నన్ను ఎగాదిగా చూసి, మొదటి మాట మీద వేలుపెట్టి, కూడబలుక్కుని చదివింది. తర్వాత నా వేలు పట్టుకుని అదే మాట మీద ఆనించింది.

"నువ్వు చదువు మామ్మా. వచ్చేదాకా లేవకూడదు."