తాత గుడిసెకి చెప్పులు

నడిసముద్రంలో నిలబెట్టి అడిగినా ఇదే చెబుతాను. ఇందులో అక్షరమైనా అబద్ధం లేదు, గంగమ్మ తల్లి మీద ఒట్టు. నా సంగతి తెలిసిన రూమ్‌వాళ్ళు నవ్వితే నవ్వుకోనీయండి.

ఒమాన్‌లోని అల్ హైల్‌లో నేను పనిచేసే వర్క్‌షాపుకి మొన్న ఒక అర్బాబ్, అంటే ఇక్కడి ఆసామి, వింత సామాను తెచ్చి దించాడు. పడవలాంటి ప్లాస్టిక్ తొట్టి, దాని మీద మడతపెట్టే గుడారం. చలిదేశాల్లో గడ్డకట్టిన చెరువుల మీద దీన్ని లాక్కెళ్ళి, మంచుకి కన్నం పెట్టి, లోపల కూర్చుని చేపలు పడతారట. ఈయన పికప్‌కి కట్టి బీచ్‌లో ఈడుస్తున్నాడు. ఇసుక అడుగంతా నాకేసింది. కింద పొడుగ్గా మందపాటి పట్టీలు బిగించాలి. అరిగితే అవి అరగాలి గానీ తొట్టి అరగకూడదు. "జల్దీ కరో భాయ్" అంటూ ఆయన గుమ్మంలో అటూ ఇటూ తిరుగుతున్నాడు. తొట్టికి పట్టిన చేపనూనె డ్రిల్లు వేడికి కమురు వాసన కొట్టేసరికి నాకూ కాలు నిలవలేదు.

మా ఊళ్ళో వానలు వెనకబట్టి, గాలి తిరిగి, చోడి అంబలిలోకి ఎండు నెత్తళ్ళు కాలుస్తున్న పొగ ప్రతి చూరులోంచీ లేస్తూ, గంగమ్మ పండగ బూరెలు మా జేబులకి నూనె మరకలు కడుతూ, పిల్లలందరం తాటిమట్టలెక్కి ఇసుకదిబ్బల మీంచి జారి లాగులకి చిల్లులు తెచ్చుకుంటున్న రోజుల్లో కవళ్ళ చేపలు గుంపులుగా ఒడ్డుకొచ్చేవి. నీటి రంగు మారిన చోటు కనిపెట్టి తువ్వాలు ఊపడం మా తాత పని. అటే వల పడేది. మోకాళ్ళు పోయాక, బల్లల మీద తాటాకు గుడిసె కట్టించుకుని అందులో కూర్చుంటే, కుర్రాళ్ళు మోకు కట్టి ఒడ్డు వెంట లాగేవారు. గవ్వలకి బల్లలు అరిగిపోయి ఒక ఏడు గుడిసె కదలనంది.

"ముసిలోడ్ని ఈడ్సలేక నడుములు పోతన్నాయి మామ్మా, ఇంటికాడ కూకోబెట్టెయ్" అన్నారు కుర్రాళ్ళు.

తాత తలపాగా విప్పాడు, కట్టాడు, మళ్ళీ విప్పాడు. "ఇంట్లో కూకుంటే సచ్చిపోతానే" అన్నాడు మామ్మతో.

తాటిదూలం చీల్చి, చేవగల బద్దలు రెండు గుడిసె అడుగున నిలువుగా కొట్టాడు. "సెప్పులు తొడిగినాను, సూడు!" కొత్త కర్ర సముద్రాన్ని చూసేముందు సొరచేప నూనె తాగాలన్నది మావాళ్ళ ఆచారం. పడవకి సరిపడా నూనె మామ్మ ఆ రెండు బద్దలకే తాగించింది. "ఇంకాస్త పుయ్యే!" అని తాత పక్కనుంచి ఎగదోశాడు.

మర్నాడు గుడిసె దిబ్బెక్కడానికి ఏ ఇబ్బందీ పెట్టలేదు. ఊపిరి తీసుకుందామని కుర్రాళ్ళు మోకు వదిలారు. అంతే! తాతతో సహా గుడిసె దిబ్బ దిగి, తడి ఇసుక దాటి, కెరటాల్లోకి పోయింది.

"ఓలమ్మో, నా మొగుడో!" అని మామ్మ పరుగు.

తేలుతున్న గుడిసెలోంచి తువ్వాలు ఊగింది. "దచ్చినానికెయ్యండిరా వల!"

వేశారు. ఎన్ని కవళ్ళు పడ్డాయంటే, మేసిన కాకులు ఎగరలేక ఊళ్ళోకి నడిచి వెళ్ళాయి.

ఈమధ్య వెళ్ళి చూస్తే ఆ దిబ్బ లేదు, సముద్రం తినేసింది. ఒడ్డంతా బండరాళ్ళు. చేపల జాడ ఫోన్లు చెబుతున్నాయి. ఇక్కడ అర్బాబ్ పట్టీలు బిగించిన తొట్టిని ఒంటి చేత్తో లాగి చూసి, మురిసిపోయి వెళ్ళిపోయాడు. గంగమ్మ మీద ఒట్టేశాక నాకే కూర్చోబుద్ధి కావడం లేదు, నిజం చెప్పేస్తాను.

గుడిసె జారింది నిజం, తువ్వాలు ఊగింది నిజం. చేపలు మాత్రం నా కల్పన. ఆ వలలో నాచు తప్ప ఏమీ రాలేదు, తాతని ఒడ్డుకి లాక్కొచ్చి తువ్వాలు ఊపే పని ఇంకొకరికి ఇచ్చేశారు. అరుగు మీద కుదురుగా కూర్చోలేక లేస్తూ పడుతున్న తాతకే మొదటిసారి ఆ కాకుల కథ చెప్పాను.

"కాకులేనేటి? గెద్దల్ని ఒగ్గేసినావేట్రా గుంటడా?" అన్నాడు తాత.