సగం తిన్న కంచం

మా చిన్నప్పుడు... సాయంత్రం సీరియల్ వేళకి మెట్టుగూడలో మా ముందుగదిలో కాలు పెట్టే చోటు ఉండేది కాదు. జంబుకానా పరవడం, టీవీ మీది గుడ్డ తీసి మడత పెట్టడం నా వంతు. వాడకట్టంతా కథ కోసం వచ్చేదనుకునేరు... సగం మంది తప్పులు పట్టడానికే వచ్చేవాళ్లు!

గుమ్మంలో గుండ్రంగా ఉన్న హీరోయిన్ బొట్టు వంటింట్లోకి వచ్చేసరికి నిలువుగా మారేది. ఎడమ చేతి వాచీ కుడి చేతికి పోయేది. ఎవరైనా "తప్పూ!" అని అరిస్తే చాలు, ఇక కథ ఎవరికీ పట్టేది కాదు. వెనక్కి తిప్పి చూసుకునే వీలు లేదు కదా... నేను చూశానంటే నేను చూశానని వారమంతా వాదనలే. పాల దుకాణం దగ్గరా అదే, నల్లా దగ్గరా అదే.

ఈ విద్యలో అందరికంటే ఘనుడు పక్కింటి ప్రసాదరావు అంకుల్. గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. మా ఇంట్లో ఉన్న ఒక్క చేతుల కుర్చీ ఆయనకే.

మా మేడ మీది గదిలో శేఖరన్న అద్దెకుండేవాడు. ఆ సీరియల్ తీసేవాళ్ల దగ్గరే పని. ఒక షాటుకీ ఇంకో షాటుకీ మధ్య గాజులు, బట్టలు, గ్లాసులో నీళ్లు... ఏదీ మారకుండా చూసుకోవాలి. పని కొత్త. మాట రాకుండా గడిస్తే తర్వాతి సీరియల్‌కీ తీసుకుంటామన్నారట. ఒక భోజనం సీనుకి ఇల్లు కావాలంటే మా ఇల్లే చూపించాడు.

అబ్బ... ఆ రోజు మాకు పెళ్లి సందడే! తండ్రి వేషం వేసినాయన మా వంటింట్లో పీట మీద కూర్చుని సగం అన్నం తిన్నాడు. ఇంతలో అందరికీ భోజనాల వేళయింది. "ఎవ్వలు ఏం ముట్టొద్దు" అని గట్టిగా చెప్పి, శేఖరన్న ఎవరో నటిని తీసుకురావడానికి సికింద్రాబాద్ స్టేషన్‌కి పోయాడు. మిగతావాళ్లు వాకిట్లో విస్తళ్ల ముందు కూర్చున్నారు.

వంటింట్లో ఎంగిలి కంచం అలాగే ఉంది. అది మా నానమ్మ కంట్లో పడింది.

"ఇదేం పద్ధతే! దీపం ముట్టిచ్చే ఇంట్ల ఎంగిలి ఎండవెడ్తరా? జెర నీళ్లు పట్టుకరా" అంది నాతో.

"శేఖరన్న ముట్టొద్దన్నడు గద నానమ్మా..."

"సామాన్లు ముట్టొద్దన్నడు. ఎంగిలి సుత తీయొద్దన్నడా?"

కంచం కడిగేసింది. అంతటితో ఊరుకుంటే మా నానమ్మ ఎందుకవుతుంది... పాపం ఆ పెద్దమనిషి మళ్లీ వచ్చి ఖాళీ కంచం ముందు కూర్చుంటాడని వేడి అన్నం, పప్పు, దాని మీద నెయ్యి, పక్కన అప్పడం పెట్టి, ఉన్నచోటే ఉంచింది. వెలుతురు పోతుందన్న తొందరలో వాళ్లు చూసుకోలేదు. శేఖరన్న తిరిగొచ్చేసరికి మిగతా సీను తీసేశారు.

అది టీవీలో వచ్చే రోజు కిటికీల దగ్గర కూడా జనమే. మా వంటిల్లు కనబడగానే అమ్మ మురిసిపోయింది. తెర మీద తండ్రి సగం తిని, కొడుకు మాటకి తలెత్తాడు... మళ్లీ కంచం చూపిస్తే, అన్నం కుప్ప! నెయ్యి! అప్పడం!

"ఆగండాగండి!" ప్రసాదరావు అంకుల్ కుర్చీలోంచి లేచారు. "సగం తినేశాడు కదండీ! ఈ అప్పడం ఆకాశం నుంచి ఊడిపడిందా? ఏవయ్యా శేఖరం, ఇది చూసుకోడానికేనా నీకు జీతం?"

ఇల్లంతా ఒకటే నవ్వు. గుమ్మం దగ్గర నిలబడ్డ శేఖరన్న ఒక్కసారి నానమ్మ వైపు చూశాడు. నెయ్యి అలా పోసే చెయ్యి ఎవరిదో అన్నకు తెలియదా...

"అవునంకుల్, నేనే చూసుకోలే. తప్పు నాదే" అన్నాడు. అని తనూ నవ్వాడు.

నానమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి. చెంబుతో నీళ్లందించింది నేనే కదా...

ఆ వారంలోనే అన్నను పనిలోకి రావద్దన్నారు. గది ఖాళీ చేస్తుంటే నానమ్మ మెట్ల దాకా పోయింది.

"నా తోటే నీ పని పాయె బిడ్డా. వాళ్లకు చెప్పకపోతివి?"

"చెప్తే ఏమైతది పెద్దమ్మా... ఇంటికొచ్చి నిన్ను నాలుగు మాటలంటరు. చూసుకునే పని నాది గద" అని పెట్టె తీసుకుని వెళ్లిపోయాడు.

మరుసటి వారం మళ్లీ అందరూ చేరారు. అంకుల్ కూర్చుంటూనే "ఏడీ మన అప్పడాల శేఖరం?" అన్నారు. అందరూ నవ్వారు. నానమ్మ వచ్చి టీవీకి అడ్డంగా నిలబడింది.

"ఆ కంచం కడిగింది నేను. అన్నం పెట్టింది నేను. నన్ను ఎవ్వలు నవ్వొద్దని ఆ పోరడు తన మీదేసుకొని పోయిండు. ఇగ నవ్వుండ్రి."

ఎవరూ నవ్వలేదు. అంకుల్ కళ్లజోడు తీసి తుడుచుకుంటూ ఉండిపోయారు. ఆ రోజు హీరోయిన్ చీర గదికో రంగు మారింది... ఒక్కరూ "తప్పూ!" అని అరవలేదు.

ఇప్పుడు వాదించే పనే లేదు. ఫోన్లో బొమ్మ ఆపి, తప్పు చుట్టూ ఎర్రగా గుండ్రం గీసి పెడుతున్నారు. కింద అంతా నవ్వులే. నాకు మాత్రం ఆ గుండ్రం చూస్తే తల వంగిపోతుంది... దాని వెనకాల ఎవరి పని పోయిందో అని.

మీలో ఎవరైనా ఎప్పుడైనా ఇంకొకరి తప్పు నెత్తిన వేసుకుని, అందరితో పాటు నవ్వేసి ఉంటే... ఇక్కడ చెప్పండి. ఎవరం నవ్వం.